రోడ్డా, కట్టా?

కృష్ణపట్నం నుంచి నెల్లూరు వస్తున్న బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న ఆమె నన్ను మొదటినుంచీ అనుమానంగానే చూసింది. పోర్టు రోడ్డును కొత్తగా మనిషెత్తు లేపారు. తుపాను రాకూడదని శాంతిపూజలు చేసే బదులు మట్టి పోసి ఎత్తు పెంచినందుకు నాకు ముచ్చటేసింది.

"ఇక వరదొచ్చినా లారీలు ఆగవు," అన్నాను.

"సారు పోర్టోళ్ళా?"

"కాదమ్మా. పత్రికలకు వ్యాసాలు రాస్తాను."

"పోర్టోళ్ళు రాయమన్నారా?"

నాకు ఒళ్ళు మండింది. ఒకరు చెప్పింది జన్మలో రాయలేదన్నాను. ఆమె నమ్మలేదు. రోడ్డు కింద పల్లంలో ఉన్న వరిచేలను చూపించింది.

"మీరు రోడ్డంటా ఉండారు, మేం కట్టంటాం. వాన నీళ్ళు మా చేలమీదుగానే సముద్రానికి పొయ్యేవి. ఇప్పుడీ కట్ట దాటి యాడికి పోతాయి? చేలల్లోనే నిలబడిపోతాయి. తూము యాడుందో చూపించు సారూ."

నీళ్ళు దాటే తూము కోసం ఆమె ఊరు వచ్చేదాకా తొంగి చూస్తూనే ఉన్నాను.

"కనపడిందా?" అంది దిగబోతూ.

"లేదు."

"అయితే అది రాయి."

చెప్పులు చేతపట్టుకుని, జారే ఆ రోడ్డు వాలు వెంట చేలల్లోకి దిగిపోయింది.

ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా ఇప్పుడు కిటికీ పక్క సీటే వెతుక్కుంటాను.