ర్యాంపు మీద డొక్కలు

మా మనవరాలి బడి మెట్ల పక్కన సిమెంటుతో వాలుగా ఒక దారి కట్టారు. ర్యాంపు అంటారు దాన్ని. నడవలేని పిల్లల చక్రాల కుర్చీ పైకెక్కడానికట. కట్టిన రోజున మా పిల్లని తన చక్రాల కుర్చీలో దాని మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఆ తర్వాత అది కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలకి పనికొచ్చింది. మధ్యాహ్నం అన్నం వండే పొయ్యిలోకి తెచ్చిన డొక్కలు వానకి తడవకుండా పేర్చడానికి అంతకంటే మంచి చోటు వాళ్ళకి దొరకలేదు, పైన రేకు ఉంది కదా.

మా పిల్లని రోజూ బడి పనివాళ్ళు ఇద్దరు రెక్కలు పట్టుకుని మెట్లెక్కించేవారు.

"ఎత్తుతున్నాం కదండీ మామ్మగారూ, ఇంకేం లోటండీ?" అనేవారు మాస్టారు.

బియ్యం బస్తానీ అలాగే ఎత్తుతారు.

ఈ మధ్య బడిలో పిల్లల నాయకుణ్ణి ఎన్నుకోవడానికి ఓట్లు పెట్టారు. ఒకరిది పడవ గుర్తు, ఇంకొకరిది గొడుగు. వారం నుంచీ ఇంట్లో అదే గోల.

"ఎవరికేస్తావే?" అన్నాను.

"చెప్పకూడదు మామ్మా. రహస్యం. ఎవరి ఓటు వాళ్ళే వెయ్యాలని మా మాస్టారు చెప్పేరు."

ఉన్న ఒక్క మంచి గౌను నా చేత రెండుసార్లు ఉతికించింది. సబ్బు సగం అరిగిపోయింది.

ఆ రోజు అతిథులు వస్తారని శామియానా వేశారు. 'అందరూ సమానమే' అని గుడ్డ మీద రాసి కట్టారు. నేను చదివింది రెండో తరగతే గానీ అంత పెద్ద అక్షరాలు నాకూ కనిపిస్తాయి. ఓట్ల డబ్బా పైన గదిలో ఉంది. ఎత్తే ఇద్దరూ అతిథులకి కుర్చీలు తుడుస్తున్నారు. మాస్టారు చీటీ, సిరా పట్టుకుని కిందికి దిగి వచ్చారు.

"పైకెందుకండీ మామ్మగారూ శ్రమ! పడవకా, గొడుక్కా? చెప్పెయ్యమ్మా, నేనేసేస్తాను."

చుట్టూ పిల్లలు మూగి చూస్తున్నారు.

"నేనే వేస్తానండీ," అంది పిల్ల.

"ఎవరేస్తే ఏముందే తల్లీ!" అంటూ ఓటు పడకుండానే వేలికి సిరా పూసేశారు.

పిల్ల ఏడవలేదు. ఆ వేలిని గౌనుకేసి తుడుచుకుంది. మంచి గౌనని కూడా చూసుకోలేదు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

చెంగు దోపుకుని డొక్కలు తీసి ముంగిట్లోకి విసరడం మొదలుపెట్టాను. పైవి బాగానే ఉన్నాయి. అడుగువి కుళ్ళిపోయాయి. ఎలుక పెంటికలు, బొద్దింకలు, ఎవరో ఉమ్మిన కిళ్ళీ. పొయ్యిలోకీ పనికిరాకుండా, పిల్లకీ దారివ్వకుండా, ఇదెక్కడి పొదుపు?

"మామ్మగారూ, అతిథులొచ్చే వేళండీ! ముంగిట్లో ఈ చెత్తేంటండీ?"

"ఆయ్, రానివ్వండి మాస్టారూ. ఇది ఎక్కడ దాచేరో కూడా చూసి వెళతారు."

అప్పుడు కదిలారు. పిల్లల్ని పిలిచి తలో చెయ్యీ వేయించారు. మా మనవరాలు తన చక్రాలు తనే తిప్పుకుంటూ పైకెక్కింది. చాటుకెళ్ళి గుర్తు పెట్టి, చీటీ మడిచి డబ్బాలో వేసింది. సరిగ్గా అప్పుడే అతిథులతో పాటు ఫొటోలాయన పరిగెత్తుకొచ్చాడు.

"పాపా, ఫొటో పడలేదమ్మా. ఇంకోసారి వెయ్యి. ఉత్త కాగితమైనా చాలు."

"వెయ్యమ్మా, పెద్దవాళ్ళు అడుగుతున్నారు," అన్నారు మాస్టారు.

"ఒక్కసారే వెయ్యాలండీ. రెండోది దొంగ ఓటు కదండీ, మీరే చెప్పేరు," అని కుర్చీ వెనక్కి తిప్పేసుకుంది.

ఒక అతిథి మైకు అందుకుని, ఈ బడిలో ర్యాంపు ఉండడం అందరికీ ఆదర్శమని మెచ్చుకున్నాడు. మాస్టారు దండం పెట్టారు. నాకు రోతేసింది.

మర్నాడు పిల్లని దింపడానికి వెళ్ళేసరికి డొక్కలు మళ్ళీ ర్యాంపు మీదే ఉన్నాయి, చక్కగా పేర్చి. ఎత్తడానికి ఇద్దరూ సిద్ధంగా నిలబడ్డారు.

"వద్దండీ," అంది పిల్ల. కుర్చీ ర్యాంపు ముందే ఆపుకుని, వంగి చేతికందిన మొదటి డొక్క తీసి పక్కకి విసిరింది.

నేను చెంగు దోపుకున్నాను.