మంచిబావి కోడలు

బద్వేలు దగ్గర మా అత్తగారి ఊరు మంచిబావి. చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే పడితే, ఈ ఒక్క బావిలో మంచినీళ్లు పడ్డాయట. దాని చుట్టూ ఇళ్లు లేచి, ఊరికి ఆ పేరే నిలిచింది. కొత్తకోడలు ఆ బావి నుంచి బిందెడు నీళ్లు తెచ్చాకే గడప తొక్కాలి.

ఇంటింటికీ నీళ్ల క్యాన్లు వేయడం మొదలైన రోజుల్లో నా పెళ్లయింది. మేళంతో నన్ను బావి దగ్గరికి తీసుకుపోయారు. తొంగిచూస్తే కోళ్ల అంగడి ఈకలు, పేగులు, ఉబ్బిపోయిన కుక్క. నీళ్లు కనబడనే లేదు. మావాళ్లు క్యాను నీళ్లు బిందెలో పోసి, పసుపు రాసి, నా చంకకెత్తారు. కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. మా అత్త ఆ కొంగు లాగేసింది.

"ఊరికి పేరిచ్చిన గంగమ్మ ముందర ముక్కు మూసుకుంటావా? శానా తప్పు. మొక్కుకో."

ఒళ్లు మండింది. అయినా మొక్కాను.

మరుసటి రోజు పొద్దున్నే, విందులో మిగిలిన ఎంగిలాకుల గంప అత్త నా చేతికిచ్చింది. ఎక్కడ పారేయాలని అడిగాను.

"ఇంగ యాడ? బావిలో. నిన్న దోవ చూసినావు గదా."