పసుపు కుండల్లో బొంత పురుగులు

మేం చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో... పునర్వసు కార్తెలో ఆముదం చేలోకి చెప్పుల్లేకుండా దిగితే కాలి కింద ఏదో మెత్తగా చితికేది. వంగి చూడకుండానే తెలిసేది... బొంత పురుగు. పైన ఎర్రటి వెంట్రుకలు, లోపల పచ్చటి జిగురు. ఆ జిగురు వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చేది. మట్టితో ఎంత రుద్దుకున్నా, అన్నం తినేటప్పుడు కూడా ఆ వాసన వదిలేది కాదు.

పెంచి రాస్తున్నానని అనుకోకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నాకు అలవాటు.

ఎనభైల మొదట్లో, ఆత్మకూర్ పక్కన మా ఊరి ఎర్ర చెల్కల్లో అవి ఒక చేను తినేసి, గుంపుగా నేల మీద పాకుతూ పక్క చేనుకు వెళ్ళేవి. సాలు తరవాత సాలు... ఆకులు పోయి ఈనెలు మిగిలేవి. సద్దిగిన్నె మూత మీద, నీళ్ళ బిందె అంచున, ఆరేసిన చీర మడతల్లో కూడా అవే. వెంట్రుక తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు.

దీనికంటే రోత పుట్టించేది ఇంకొకటి ఉండేది... మా ఊరి ఆచారం.

పురుగును చంపితే ఉసురు తగులుతుందని నమ్మేవారు. అందుకని చీపుళ్ళతో ఊడ్చి కుండల్లోకి ఎత్తేవారు. ఆ కుండలకు పసుపు రాసి, వేపకొమ్మలు కట్టి, డప్పు కొట్టుకుంటూ పొలిమేర దాకా మోసుకెళ్ళి వదిలేసేవారు. దాన్ని సాగనంపడం అనేవారు. అవతలి ఊరివాళ్ళు తక్కువ తిన్నారా? వాళ్ళ కుండలు తెచ్చి ఇటు వంపేవారు.

సరిగ్గా ఆ పొలిమేర మీద ఉన్నది మా చేను. రెండు ఊళ్ళ పురుగూ మా ఆముదాన్నే మేసేది.

నాన్న మిర్యాలగూడలో రైసు మిల్లులో పనిచేసేవాడు, ఆదివారాలు వచ్చేవాడు. సేద్యమంతా అమ్మదే. ముందటేడు విత్తనం కూడా చేతికి రాలేదు. ఈసారి కూడా పంట పోతే చేను కౌలుకిచ్చి పిల్లతో సహా మిర్యాలగూడ వచ్చెయ్యమని నాన్న కచ్చితంగా చెప్పాడు. అమ్మకు ఆ చేను వదలడం అస్సలు ఇష్టం లేదు.

ఆ ఎండాకాలం సూర్యాపేట నుంచి వ్యవసాయ శాఖ ఆయన స్కూటరు మీద వచ్చి చావడి దగ్గర అన్నీ వివరంగా చెప్పాడు. వేసవిలో లోతుగా దున్నితే మట్టిలో దాగిన పురుగు గూళ్ళు పైకి తేలుతాయి, పిట్టలు ఏరుకు తింటాయి. తొలి వాన పడ్డ సాయంత్రం రెక్కల పురుగులు లేస్తాయి, ఊరంతా ఒకేసారి గట్ల మీద మంటలు వేస్తే అందులో పడి చస్తాయి. అయినా పురుగు పుడితే, చేను చుట్టూ కాలువలా గుంత తవ్వి, అందులో పడ్డవాటిని పూడ్చెయ్యాలి.

మంచి సలహా. కానీ వింటున్నది ఎవరు? ఊరికి పెద్దమనిషి మా పెదనాన్నే.

"వాన పడ్డనాడు మంటలేసుకోమంటున్నడు. సారుకు సలి పెడుతున్నట్టున్నది" అన్నాడు. చావడంతా నవ్వింది.

తొలి వాన పడ్డ సాయంత్రం మంట వేసింది అమ్మ ఒక్కతే. ఊరంతా వెయ్యాల్సిన చోట ఒక్క మంటతో ఏమవుతుంది... నెల తిరక్కుండా పురుగు నేలంతా పరుచుకుంది. తడి ఆరకముందే నేనూ అమ్మా చేను నాలుగు వైపులా గుంత తవ్వాం.

ఒక పొద్దున డప్పుతో, కుండలతో ఊరు కదిలి వచ్చింది. అమ్మ కొంగు నడుముకు చుట్టి, పార పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"పక్కకు జరుగు పిల్లా, సాగనంపాలె" అన్నాడు పెదనాన్న.

"సాగనంపుండ్రి బావా. గీ గుంతల పొయ్యుండ్రి."

"సంపితె ఉసురు తగుల్తది. తెల్వదా నీకు?"

"మీ సేన్ల సంపితె పాపం, నా సేన్ల మేపితె పుణ్యమా? ఆ ఉసురేదో నాకే తగలనియ్యి."

డప్పు ఆగిపోయింది. మొదట కదిలింది పెదనాన్న భార్య, మా పెద్దమ్మ. ఆమె నెత్తి మీది కుండ అంచు దాటి పురుగులు మెడ మీదికి పాకుతున్నాయి.

"మెడంత దురద పెడుతున్నది. ఏడ పోస్తేంది" అని కుండను గుంతలో బోర్లించింది. ఆమె వెనకే మిగతావాళ్ళు.

పెదనాన్న మాత్రం వంపలేదు. గట్టు వెంట నడిచి, అవతలి ఊరి చేనులో కుండ బోర్లించి, దండం పెట్టుకుని, చేతులు దులుపుకుని వచ్చాడు. ఆ చేను ఎవరిదనుకున్నారు? ఆయన వియ్యంకుడిది. ఆ సాళ్ళలో కలుపు తీసేది ఆయన కన్నకూతురే. దులుపుకున్నా ఆ చేతులకు కుండ పసుపు అంటుకునే ఉంది.

అమ్మ గుంతలోకి మట్టి లాగింది. ఆ ఏడు మా ఆముదం గెలలు వేసింది. మిర్యాలగూడ మాట మళ్ళీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అవతల వియ్యంకుడి చేనులో మోళ్ళే మిగిలాయి.

ఇప్పుడు ఆ చెల్కలన్నీ పత్తి. ఆముదమూ లేదు, కుండలూ లేవు. నా మనవరాలు బొమ్మల పుస్తకంలో గొంగళి పురుగును చూసి ముద్దుగా ఉందంటుంది... నాకేమో అరికాలు ముడుచుకుపోతుంది.

బొంత పురుగు ఎటో పోయింది. దాన్ని పక్కవాడి చేనుకు తోలి దండం పెట్టుకునే బుద్ధి పోయిందా? మీ ఊరి సంగతి మీరు రాయండి... మీ పెద్దలు ఎవరి చేనువైపు తోలేవారో కూడా దాచకుండా రాయండి.