జగ్గమ్మ ఒప్పుకున్న ఇసుక

జగ్గమ్మకు ముందు మాట వస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. ఒడిశాలో గంజాం తీరంలో చేపలమ్ముకుని బతికిన మనిషి. ఆలోచిస్తూ కూర్చుంటే చేప పాడైపోదూ మరి.

ఆ ఊరి ప్రాథమిక బడి వలలు దాచుకునే షెడ్డులో నడిచేది. పక్కనే చేపల వేలం. పిల్లలకు ఎక్కాలూ వేలంపాటా కలిసే వినిపించేవి. ఒకరోజు టీచరు "రెండు రెళ్లు ఎంత?" అని అడిగితే, జగ్గమ్మ మనవరాలు స్మిత "బేరాన్ని బట్టి" అంది. ఊరంతా నవ్వింది. జగ్గమ్మకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

అందుకే బ్లాకు ఆఫీసు నుంచి ఒడియా ఇంజనీరు వచ్చి, కొత్త బడికి సిమెంటు, ఇనుము సర్కారువి, ఇసుక, కూలిపని ఊరివి, వానల్లోపు ఇసుక రాకపోతే బడి పక్కూరికి పోతుందని చెప్పగానే, మగాళ్లు తలలు గోక్కుంటుంటే జగ్గమ్మ లేచింది.

"ఇసుకకేటి బాబూ, మాకు కరువా? రాసుకో."

మర్నాడు ఆడవాళ్లంతా చేపల బుట్టలతోనే సముద్రపు ఒడ్డును మోసుకొచ్చి గుట్ట పోశారు. ఇంజనీరు చిటికెడు నాలుక మీద వేసుకుని తుపుక్కున ఉమ్మాడు.

"ఇది లుణ ఇసుక మావుసీ, ఉప్పు ఇసుక. ఉప్పుకి ఇనుము తుప్పు పడతాది. కప్పు పిల్లల మీద పడిపోతాది. నది ఇసుక కావాల."

జగ్గమ్మ కూడా కాస్త నోట్లో వేసుకుంది. "ఉప్పేటి బాబూ, సప్పగుంది కదా."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా రుచి చూసి, చప్పగానే ఉందని తేల్చారు. పుట్టిన దగ్గర్నుంచీ ఉప్పుచేప తిన్న నాలుకలు ఇంకేం చెబుతాయి. కానీ కప్పు పిల్లల మీద పడుతుందన్న మాట జగ్గమ్మ గుండెలో గుచ్చుకుంది. నది ఇసుక వెతకడానికి బయల్దేరింది.

పాత్రపూర్ దగ్గర ధర్మలింగం అనే రైతు వాకిట్లో, ఇల్లు కట్టగా మిగిలిన నది ఇసుక గుట్ట ఉంది. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. ఎండు నెత్తళ్లు లేనిదే మాత్రం అన్నం ముట్టడు. వారం వారం అవి తెచ్చేది జగ్గమ్మే. ఆ వారం బడికి ఇసుక అడిగింది.

"మీ ఊరి బడికి నా ఇసుకేటి?" అన్నాడు.

"సరే బాబూ. నీ ఇసుక నీకు, మా సేప మాకు."

బుట్ట దించకుండా పక్కింటికెళ్లి అమ్మింది. పై వారం కూడా అంతే. వీధంతా నెత్తళ్ల వేపుడు వాసన, ధర్మలింగం కంచంలో ఉత్త పప్పు. ఏదీ నంజుకోడానికి అని అతను విసుక్కుంటే, పెళ్లాం వాకిట్లోకి చెయ్యి చూపించింది. "ఇసుకుంది కదా, నంజుకో."

మర్నాడే ట్రాక్టరు ఇసుకతో సముద్రం వైపు వచ్చింది, నెత్తళ్ల బుట్టతో వెనక్కి వెళ్లింది.

బడి లేచింది. తలుపు మూస్తే వేలంపాట వినపడదు. మొదటి రోజు స్మిత పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, రెండు రెళ్లు నాలుగేనట. ఎంత బేరమాడినా తగ్గదట."

జగ్గమ్మ కళ్లు తుడుచుకుంది.

"అలాగైతే నువ్వు సేపలమ్మడానికి పనికిరావే," అంది, మహా సంతోషంగా.