రెండు పడకల ఖాళీ

జూలై పదకొండు, మంగళవారం. పొద్దుటినుంచి పట్టిన ముసురు మధ్యాహ్నం రెండింటికి కుండపోతగా మారింది. ఆ వానలో అంబులెన్సు డ్రైవరు, కత్తిపోట్లు తిన్న ఒక మనిషిని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగం గుమ్మం ముందు దింపబోయాడు. లోపలినుంచి పడకల గుమాస్తా పరుగున వచ్చి, "ఇక్కడ ఒక్కటీ ఖాళీ లేదయ్యా! గంటన్నర కిందటే నిండిపోయాయి" అన్నాడు.

"నా ఫోన్లో రెండున్నాయని చూపిస్తోందిగా!"

మాట పూర్తికాలేదు. గాయపడినవాడి తమ్ముడు డ్రైవరును జుట్టుపట్టి కిందికి లాగాడు. "మా అన్న పోతుంటే ఊరంతా తిప్పుతావురా?" జాకీ రాడ్డు ఎవరి చేతికి ఎలా వచ్చిందో గాని, మొదటి దెబ్బకు బండి ముందద్దం, రెండో దెబ్బకు డ్రైవరు దవడ పగిలాయి. తమ్ముడూ, వెంటవచ్చిన ముగ్గురూ కలిసి తొక్కారు. బండిని మరో ఆసుపత్రికి నడపవలసినవాడు నేలమీద నెత్తురు కక్కుతుండగా, బండిలోని మనిషి ప్రాణం వదిలాడు. కోపానికి కళ్ళుండవంటారు, ఆనాడు దానికి చేతులు మాత్రం ఎనిమిదున్నాయి.

ఖాళీ పడకలు చూపే ఆ వెబ్ అప్లికేషన్ రాసింది డ్రైవరు సొంత చెల్లెలే.

ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి. వీధి కుళాయికి నీళ్ళు వచ్చాయో లేదో తెలుసుకోవడానికి మూడు దారులున్నాయి. పొద్దున ఒకసారి చూసి వచ్చి, రోజంతా దాన్నే నమ్మడం ఒకటి. ఐదు నిమిషాలకొకసారి బిందె పట్టుకుని వెళ్ళడం మరొకటి. "వచ్చినప్పుడు కేకెయ్యి పిన్నీ" అని కుళాయి పక్కింటావిడకు చెప్పి ఉంచడం మూడవది. ఆసుపత్రి పడకల లెక్కను బయటి పేజీలకు అందించే ఏపీఐ నుంచి సమాచారం తెచ్చుకోవడానికీ ఇవే దారులు. "వందల ఫోన్లు నసపెడితే సర్వరు చస్తుంది తల్లీ!" అన్నాడు టీం లీడరు, రెండవదాన్ని కొట్టిపారేస్తూ. మూడవదానికి నెల కావాలి; గడువు వారమే. పేజీ తెరిచినప్పుడు ఒక్కసారి అడిగితే చాలునని ఆమె తేల్చింది. పరీక్షల్లో పొరపాటేదీ కనబడలేదు. ప్రోగ్రామర్లకు మాటమాటకూ పేజీని రీఫ్రెష్ చేసి కొత్త లెక్క తెప్పించుకునే అలవాటు. వేలు దానంతటదే పోతుంది. డ్రైవర్లో? తెల్లవారి పేజీ తెరిచి, ఫోనును స్టీరింగు పక్కన బిగిస్తే, డ్యూటీ దిగేదాకా ముట్టుకోరు.

మరో ఆసుపత్రి మంచంమీద నుంచి అన్న చేతికందించిన ఫోనులో "ఖాళీ: 2" అనే ఉంది. పేజీ తెరిచిన వేళ ఉదయం ఏడు. ఆమె తెర ఆర్పేసింది.

"ఆ గుమాస్తాగాడు నిండాయని కంప్యూటర్లో ఎక్కించలేదే," అన్నాడు అన్న, కట్టు కట్టిన దవడతో ముద్దముద్దగా. మూడు రోజులు ఆమె ఆ మాటను సరిదిద్దలేదు.

నాలుగోనాడు అన్న మంచం దిగి, ఎంత ఆపినా ఆగక, మొదటి ఆసుపత్రిలోని గుమాస్తా బల్ల దగ్గరికి పోయాడు. ఆమె వెంటపడి పరుగెత్తింది.

"ఎప్పటికప్పుడు ఎక్కించే ఉన్నానయ్యా, చూసుకో!" అని గుమాస్తా తెర తిప్పేలోగా అన్న చేతులు అతని గొంతును బిగించాయి. కుర్చీ విరిగింది. తల గోడకు కొట్టుకుంది. గుమాస్తా కళ్ళు తేలేశాడు.

"వదులన్నయ్యా! తప్పు నాది! ఆయన ఎక్కించాడు. నా పేజీయే మళ్ళీ అడగలేదు!"

పట్టు సడలింది. వెనుదిరిగి అదే చేత్తో ఆమెను కొట్టాడు. పెదవి చిట్లింది.

"మూడ్రోజులు చెంచాతో నా నోట్లో పాలు పోశావు కదే. ఒక్క మాట పోయలేకపోయావా?"

ఆమె నెలరోజులు కూర్చుని మూడవ దారే రాసింది. పడక నిండగానే సర్వరే ఫోన్లకు చెబుతుంది. సర్వరుతో సంబంధం తెగితే అంకె చెరిగిపోయి "తెలియదు" అని పడుతుంది. అన్న మళ్ళీ బండెక్కాడు గాని, ఆమెతో మాట్లాడడానికి ఏడాది పట్టింది.

ఏడేళ్ళ తరువాత ఆమె గుమాస్తాకు రాసిన ఉత్తరమిది:

"బాబాయిగారికి నమస్కారాలు. మీరు రిటైరయ్యారని విన్నాను. పేజీ తప్పుగా రాయడం నా అనుభవలేమి. కాని ఫోను చూసిన నిమిషంలోనే నాకు నిజం తెలుసు. ఉద్యోగం పోతుందని, అన్నయ్య అసహ్యించుకుంటాడని, మూడు రోజులు ఆ నిందను మీ మీదే ఉండనిచ్చాను. మీ గొంతు పట్టింది వాడి చేతులైనా, పట్టించింది నేను. మేము మళ్ళీ మాట్లాడుకున్నాక వాడిచేత మీకు క్షమాపణ చెప్పించాను, నాది చెప్పలేదు. చనిపోయినవారి ఇంటికి నిరుడు వెళ్ళాను. తమ్ముడు నా మాట సాంతం విని తలుపు వేసుకున్నాడు. మీరూ అలాగే చెయ్యవచ్చు. వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను."