సగం ఆటకు ఎదురొచ్చే వదిన

మొన్న పొద్దున వంటింట్లో చింతపండు నానబెడుతుంటే మా వీధిలో మైకు కట్టిన ఆటో ఒకటి పోయింది. వచ్చే శనివారం మిషన్ బడి మైదానంలో కర్నూలు చర్చి సంఘాల జట్టుకూ, కడప సంఘాల జట్టుకూ ఫుట్‌బాల్ ఆట ఉందనీ, పిల్లలూ పెద్దలూ అందరూ రావచ్చుననీ, ఈసారి కూడా ఏ ఆంక్షలూ లేవనీ చెప్పుకుంటూ పోయింది. ఆ ఆంక్షలనే మాట చెవిన పడగానే నా చూపు పై అరలో ఉన్న స్టీలు డబ్బా మీదికి పోయింది. అది మా డబ్బా కాదు. ఇంకొకరిది. నా వయసు ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర లేదు, ఒకరి డబ్బా మన ఇంట్లో ఉండిపోతే అది కంట్లో నలుసులాగా గుచ్చుకుంటూనే ఉంటుంది, తిప్పి ఇచ్చేదాకా నిద్ర పట్టదు, అదీ వట్టిగా ఇవ్వడానికి చేతులు రావు.

నేను పెళ్లయి కర్నూలు వచ్చిన కొత్తలో మా అత్తగారు నన్ను మొదట తీసుకుపోయింది మేం గుడి అనే చర్చికి, తర్వాత ఈ ఆటకు. జొన్న కోతలు అయిపోయి జనం చేతులు కాస్త ఖాళీ అయ్యాక, ఎండ ఇంకా ముదరకముందు, ఒక శనివారం మధ్యాహ్నం జరిగేది. మా ఆయన జట్టులో వెనక నిలబడి గోలు కాసేవాళ్లలో ఒకరు, కాళ్లకు బూట్లు కూడా ఉండేవి కావు, మోకాలి కింద బట్ట చుట్టుకొని ఆడేవారు. దాన్ని మేం గొప్పగా స్టేడియం అనేవాళ్లం గానీ ఉన్నదల్లా రెండు గోల్‌పోస్టుల వెనక పరిచిన నాపరాళ్ల మెట్లు, చుట్టూ ఒక ప్రహరీ, ఒక వేపచెట్టు, ఆ రోజుకు కట్టే షామియానా. ఎండకు కాగిన నాపరాయి మీద కూర్చుంటే చీర లోపలిదాకా చురుక్కుమనేది, అందుకని ఇంటినుంచి గోనెపట్టాలు తీసుకుపోయేవాళ్లం. ఆట గురించి నాకు మొదటి ఏడు ఏమీ తెలియదు, రెండో ఏడుకు రెఫరీని తిట్టడం వచ్చేసింది.

మా ఆటలో ఒక వాడుక ఉండేది, అది ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ఏ జట్టు మనుషులు ఆ జట్టు కొట్టబోయే గోలు వెనక కూర్చోవాలి. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారతాయి గదా, వాళ్లతోపాటు మేమూ మారేవాళ్లం. ఈల పడగానే ఇటునుంచి మేమూ అటునుంచి కడపవాళ్లూ గోనెపట్టాలు, మరచెంబులు, చంకన పిల్లలతో లేచి మైదానం నిలువునా నడిచి ఆ చివరకు పోయేవాళ్లం. అందువల్ల రెండు ఊళ్ల జనం సరిగ్గా మైదానం నడిమధ్యలో ఒకరికొకరు ఎదురయ్యేవాళ్లు. మగవాళ్లు ఒకరినొకరు బావా అనీ, ఆడవాళ్లు వదినా అనీ పిలుచుకునేవాళ్లు, ఎందుకంటే అంతసేపూ తిట్టుకున్నవాళ్లు ఆటపట్టించుకోవడానికి అంతకంటే అనువైన వరసలు ఏముంటాయి.

మొదటి ఏడు ఆ నడకలో నా చెప్పు తెగింది. కొత్త కోడలిని, వెనక్కు తిరిగి చూస్తే అత్తగారు, ముందుకు చూస్తే కడప జనం, ఒంటికాలి మీద నిలబడిపోయాను. ఎదురుగా వస్తున్న ఒకామె, నాకంటే కాస్త పెద్దదేమో, మగవాళ్ల నల్ల గొడుగు పట్టుకొని ఉంది, ఆగి తన గాజుకున్న పిన్నీసు తీసి చెప్పు వారుకు గుచ్చి ఇచ్చింది. మీ జట్టు మాదిరే ఉండాదే నీ చెప్పు గూడా వొదినా, అని నవ్వి పోయింది. మరుసటి ఏడు ఆ పిన్నీసు తిప్పి ఇవ్వాలని తీసుకుపోయి, వట్టి పిన్నీసు ఇస్తే ఏం బాగుంటుందని ఒక డబ్బా నిండా వేరుశనగ ఉండలు, మా వైపు బుడ్డల ఉండలంటాం, చేసుకుపోయాను. ఆపై ఏడు ఆమె నా డబ్బాలో బియ్యప్పిండితో వండిన నిప్పట్లు పెట్టి తెచ్చింది. ఇక అప్పటినుంచి ఒక ఏడు ఎవరి డబ్బా వాళ్లం నింపి ఇచ్చుకోవడం, మరుసటి ఏడు ఒకరి డబ్బా ఒకరం నింపి తిప్పి ఇవ్వడం, ఇలా నా పిల్లలు పుట్టి పెరిగి పెళ్లిళ్లయి పోయేదాకా నడిచింది.

మేం మాట్లాడుకునేది నీళ్లు తాగేంత సేపే. ఆట అయిపోగానే చీకటి పడకముందే ఊరు చేరాలని కడపవాళ్ల లారీలు కదిలేవి. అయినా ఆమెకు మోకాలు ఎప్పుడు పట్టేసిందీ, పెద్ద కూతురి కాన్పు ఎంత కష్టమైందీ, వాళ్ల బర్రె ఎన్ని ఈతలు ఈనిందీ నాకు తెలుసు. పేరు మాత్రం తెలియదు. వరస ఉన్నప్పుడు పేరెందుకు, పెద్దదాన్ని పేరడగడం ఏం మర్యాద అని మా అత్తగారి కాలంనుంచి మాకు అలవాటు. ఊరు రాజంపేట వైపు ఏదో పల్లె అని మాత్రం ఒకసారి అంది. నా పక్కనే నడిచే మా తోడికోడలు, మా బావగారి భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమెకూ అటువైపు ఒక వదిన ఉండేది. వాళ్లూ డబ్బాలు మార్చుకునేవాళ్లు. నేను నా వదినతో మాట్లాడే తొందరలో వాళ్లవైపు ఎన్నడూ తిరిగి చూసింది లేదు.

తర్వాత కరోనా వచ్చింది. ఆట ఆగింది. వదిన డబ్బా మా అరలో ఉండిపోయింది. రెండో దెబ్బలో మా అక్క పోయింది. గుడి గంట లేదు, పాట లేదు, తెల్ల కవర్లు తొడుక్కున్న మనుషులెవరో తీసుకుపోయి మట్టి చేశారు, మేం దూరంగా రోడ్డు మీద నిలబడి చూశాం. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

మళ్లీ ఆట పెడుతున్నారని తెలిసినప్పుడు నాకు కావలసింది ఒక్కటే, వదిన ఉందా లేదా. ఫోను నంబరు లేదు, పేరు లేదు, ఊరు లేదు. మనిషిని మైదానంలో చూస్తే తప్ప తెలిసే దారి లేదు. తెల్లవారి లేచి బుడ్డలు వేయించి, బెల్లం పాకం పట్టి, ఆమె డబ్బా నింపాను. మా ఆయన నీకేమన్నా పిచ్చా, అరవై దాటినవాళ్లను రానియ్యరంట అని గొణుగుతూనే ఉన్నారు. గేటు దగ్గర నిజంగానే ఆపారు. నుదుటికి ఏదో తుపాకిలాంటిది పెట్టి వేడి చూసిన పిల్లవాడు వయసెంతమ్మా అన్నాడు. ఇంగా యాడ దాటినాదప్పా, రెండేండ్లుండాది, సూదులు గూడా రెండూ ఏపించుకుంటి, అన్నాను. అరవై ఎనిమిదేళ్ల ముఖాన్ని సగానికి కప్పేసింది గనుక ఆ మాస్కు నాకు అక్కరకొచ్చింది. తినేవి లోపలికి తేకూడదని ఇంకో షరతు. డబ్బాను నేను బైబిలు సంచిలో పెట్టుకున్నాను, ఆ సంచి విప్పి చూడడానికి వాడికి ధైర్యం చాలలేదు.

లోపల అడుగు పెట్టగానే నిర్ఘాంతపోయాను. అది మా మైదానమే, కానీ ఎవరిదో పరాయి ఇంటికి వచ్చినట్టుంది. నాపరాళ్ల మీద సున్నంతో గుండ్రాలు గీశారు, ఒక్కొక్క గుండ్రంలో ఒక్కొక్క మనిషి, మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. గుంపు చేరతారని షామియానా వేయలేదు. అరవకూడదు, చప్పట్లు మాత్రం కొట్టచ్చునట. అంతమంది జనం కూర్చొని ఉండీ బంతిని తన్నిన చప్పుడు వినిపించడం నా జన్మలో అదే మొదలు. నా పక్క గుండ్రం ఖాళీగా ఉంది. మా అక్క కూర్చునే చోటది. ఎవరూ రాకూడదని మనసులో అనుకున్నాను, ఎవరూ రాలేదు కూడా.

ఆట ఎవరు చూశారు. నా కళ్లు ఎదుటి గోలు వెనకనే ఉన్నాయి. వదినను గుర్తుపట్టడానికి నల్ల గొడుగు చాలుననుకున్నాను, కానీ షామియానా లేక అటువైపు నాలుగైదు గొడుగులు లేచాయి, అన్నీ నల్లవే, ముఖాలన్నీ మాస్కుల్లోనే. అప్పుడు తోచింది, సంచిలోంచి డబ్బా తీసి ఎండకు తళుక్కుమనేలా పైకెత్తి పట్టుకున్నాను. కాసేపటికి అటు ఒక గొడుగు కదిలింది. దాని కింద ఇంకో డబ్బా తళుక్కుమంది. వదిన ఉంది. నేను చెయ్యి ఊపాను, ఆమె గొడుగు ఊపింది. మాస్కు లోపల ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఎవరికీ కనబడలేదు, అదీ మేలే.

సగం ఆట ఈల పడింది. అలవాటు కొద్దీ అందరం లేచాం, అటు కడపవాళ్లూ లేచారు. వెంటనే నాలుగువైపుల నుంచీ ఈలలు. యాడున్నోళ్లు ఆడనే కూకోండి, ఒక్కరు గూడా కదలగూడదు, అని మైకులో అరిచారు. జట్లు మాత్రం మారాయి. మేం నిలబడ్డవాళ్లం నిలబడ్డట్టే చూసి, ఒక్కొక్కరమే కూర్చున్నాం. మైదానం మధ్యన ఒక్క మనిషి లేడు. సెకండాఫ్ అంతా మా గోలు వెనకే కూర్చొని, కడపవాళ్లు మా మీదికి దూసుకురావడం ఎదురుగా చూడాల్సి వచ్చింది.

ఆట అయ్యాక రెండు వైపులకూ వేరువేరు గేట్లు పెట్టారు. నేను బయటపడి ప్రహరీ పట్టుకొని అటువైపు గేటుకు బయలుదేరాను. ఆమె కూడా ఆగలేదు, నాకోసం ఇటే వస్తోంది. నీళ్ల ట్యాంకు దగ్గర ఎదురయ్యాం. నేను మాస్కు కిందికి లాగాను, ఆమె లాగింది.

ఆమె కాదు. ఎవరో. ఎప్పుడూ పలకరించి ఎరగని ముఖం. ఆమె కూడా నోరు తెరుచుకొని నన్నే చూస్తోంది. నువ్వు మా వొదినవు కాదే, అంది. అప్పటికి నా కళ్లు ఆమె చేతిలోని డబ్బా మీద పడ్డాయి. దాని పిడి విరిగితే మా బావగారు రాగితీగ చుట్టి బాగుచేశారు. అది మా అక్క డబ్బా.

మీ వదిన నా తోడికోడలు అన్నాను. ఆ ముఖం ఎంతగా వెలిగిందో చెప్పలేను. అట్లనా, మరి రాలేదేమి, మళ్లా ఉబ్బసమొచ్చినాదా, శానా ఆయాసపడతాండె పాపం, అని ఒకదాని మీద ఒకటి అడుగుతోంది. చెప్పక తప్పలేదు. పోయిందమ్మా, ఏడాది కావస్తాంది, అన్నాను. ఆమె ట్యాంకు గట్టు మీద కూర్చుంది. మాకెవురూ చెప్పలేదే, అంది. నిష్ఠూరంగా అనలేదు. అప్పుడే తెలిసినట్టు అంది, అంతే.

ఆ మాట నన్ను ఈ రోజుకీ వదలలేదు. మట్టికి పదిమందినైనా రానియ్యలేదు గానీ ఫోన్లు మాత్రం చేశాం, బెంగళూరు చుట్టాలకు, కువైట్‌లో ఉన్న మేనల్లుడికి, పాలు పోసే ఆమెకు కూడా. ఇంతకాలం ఏటా మా అక్క కోసం నూనె కాచి నిప్పట్లు వేసిన మనిషికి ఒక్కరమూ చెప్పలేదు. చెప్పాలన్నా ఎవరికి చెప్పాలో మాలో ఎవరికీ తెలియదు. చచ్చిపోయిన మనిషికి ఆమె ఆ పొద్దుటే నిప్పట్లు చేసుకొని, కొండలు దాటి, లారీలో కూర్చొని వచ్చింది.

రాజంపేట వైపు ఆమె, నల్ల గొడుగు తెస్తుందని చెప్పి నా వదిన గురించి అడిగాను. వాళ్లు వేరే లారీలో వొస్తారు, ఈ తూరి ఆ లారీనే రాలేదు, అంది. అంతకంటే ఆమెకూ తెలియదు. మా అక్క డబ్బా నా చేతిలో పెట్టింది. నా చేతిలోని డబ్బాను నేను ఇవ్వలేకపోయాను, అది ఎవరిదో ఆమెకు అర్థమైంది, అడగలేదు. సిగ్గుపడుతూ ఒకరి పేర్లు ఒకరం అడిగి, నంబర్లు ఫోన్లలో ఎక్కించుకున్నాం.

తర్వాత ఆంక్షలు తీసేశారు, గుండ్రాలు వానకు కరిగిపోయాయి. కానీ సగం ఆటకు ఎవరూ లేవడం లేదు. కుర్చీలు వేశారు, ఎవరి కుర్చీ వాళ్లది, పిల్లలు అయిపోయిన గోలునే మళ్లీ ఫోన్లలో చూసుకుంటున్నారు. మా అత్తగారి కాలంనుంచీ వచ్చిన నడక ఒక్కసారి కూర్చోండి అంటే కూర్చుండిపోయిందని నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మేమిద్దరమే ఇటునుంచి ఒకరం, అటునుంచి ఒకరం నడిచి మధ్యలో కలుస్తాం. కుళాయికి పోతున్నామనుకుంటారు జనం. నేను అడగకముందే ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ఉండలు బడి పిల్లలకు పంచి, డబ్బా కడిగి ఆరబెట్టి మళ్లీ అరలో పెడతాను. వదిన పోయిన కబురు నాకు రాలేదు గనుక వదిన ఉన్నట్టే అనుకుంటాను, ఆ కబురు నాదాకా ఎందుకు రాదో తెలిసి కూడా.

మొన్న ఆటో పోయాక కోడలిని పిలిచి చెప్పాను. నేను పోతే అందరికీ ఫోన్లు చేస్తారు, సరే, ఆ తర్వాత వచ్చే ఆటకు ఈ డబ్బా నింపుకొని సగం ఆటప్పుడు మైదానం మధ్యకు పోయి నిలబడు అన్నాను. ఎవురికియ్యల్లత్తా, పేరేమి, అంది కోడలు. పేరు తెలియదు, ఎవరైనా పెద్దామె నీ చేతిలోని డబ్బాను చూసి ఆగిపోతే ఆమెకు చెప్పు అన్నాను.