జహంగీర్ విప్పని మూత

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తాండూరు శివార్లలో నాకొక నాపరాళ్ల పాలిషింగ్ షెడ్డు ఉండేది. నాది అంటున్నాను గానీ, అది నిలబడింది జహంగీర్ వల్ల. బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. అప్పు తెచ్చి మిషన్లు కొన్నది నేను, వాటిని నడిపింది అతను. పనివాళ్లందరూ నన్ను సేటు అనేవాళ్లు. అతను మాత్రం ఒరేయ్ అనేవాడు, బేరానికి వచ్చినవాళ్ల ముందు కూడా. నేను కోపం నటించేవాణ్ణి. పొద్దున్నే షెడ్డుకు పరుగెత్తింది వ్యాపారం కోసమా, ఆ పిలుపు కోసమా? అప్పుడు ఎప్పుడూ ఆలోచించలేదు.

ఒక ఎండాకాలం బెంగళూరు నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. మందపు బండలు. కటింగ్ మిషన్ బ్లేడు మీద ఉండే ఇనుప మూత వాటికి అడ్డం తగిలింది. పెద్ద మూత చేయించాలంటే పని ఆపాలి. బయట లారీ ఎదురుచూస్తోంది. మిగతావాళ్లు అన్నానికి వెళ్లారు, షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. నేనే పానా తీసుకుని మూత విప్పేశాను.

"వద్దురా, గిట్ల నడిపితే చెయ్యి పోతది," అన్నాడు జహంగీర్.

"గీ ఒక్క లోడ్ పోనియ్ రా. తర్వాత కొత్తది చేపిద్దాం," అన్నాను.

నా మాట కాదనలేక మిషన్ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి బండ జారింది. చేత్తో దాన్ని ఆపబోయాడు. కుడిచేతి వేళ్లు పోయాయి. ఆ క్షణం గురించి ఇంతకన్నా రాయలేను.

తాండూరులో కట్టు కట్టి వికారాబాద్ తీసుకెళ్లమన్నారు. కారులో దారంతా అతని తల నా భుజం మీదే ఉంది. నేనేం ఆలోచిస్తున్నానో తెలుసా? అతని చేతి గురించి కాదు. తనిఖీకి ఎవరు వస్తారు, షెడ్డుకు తాళం పడుతుందా, బ్యాంకు వాళ్లేమంటారు... ఇవే. ఆస్పత్రిలో పక్కన ఎవరూ లేని సమయం చూసి అతని మీదికి వంగాను.

"జహంగీర్, మూత నువ్వే విప్పినవని చెప్పు. నా పేరొస్తే షెడ్డు మూసేస్తరు. అందరం రోడ్డున పడతం. జిందగీ మొత్తం నిన్ను నేను చూసుకుంట."

నా ముఖంలోకి చూశాడు. నొప్పితోనా? నన్ను గుర్తుపట్టడానికా?

"సరే సేటు," అన్నాడు.

అలా పిలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత మళ్లీ ఒరేయ్ అనలేదు.

అడిగిన ప్రతి ఒక్కరికీ అతను నా మాటే చెప్పాడు. నష్టపరిహారం హక్కుగా అందాల్సిన మనిషికి ఆస్పత్రి ఖర్చు మాత్రం నా దయగా అందింది. ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. తలవంచుకుని విన్నాను. పక్క షెడ్లలో సూపర్‌వైజర్ పని అడిగితే, మూత తీసి చెయ్యి పోగొట్టుకున్నవాడు ఇంకొకరికేం చెబుతాడని పంపించేశారు. నా దగ్గర ఉంచుకోవచ్చు కదా? కొన్నాళ్లు ఉంచుకున్నాను. ఆ చెయ్యి కనబడినప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయేవాణ్ణి. అతనికి అర్థమైంది. బషీరాబాద్ దగ్గర అత్తగారి ఊరికి వెళ్లిపోతానన్నాడు. ఆగమని నేననలేదు.

పోనీ, ఆ అబద్ధంతో కాపాడుకున్న షెడ్డయినా దక్కిందా? ఆ మిషన్ దగ్గర నిలబడటానికి అందరికీ భయమే. కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో బండలు పగిలిపోయేవి. బెంగళూరు వ్యాపారి వేరేవాళ్లను చూసుకున్నాడు. మంచి పనివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిషన్లు అమ్మేశాను. ఎంత నష్టం వచ్చిందని తోటి వ్యాపారులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఏం చెప్పను? సాయంత్రం మిషన్ల మోత ఆగాక, ఒంటినిండా రాతి దుమ్ముతో ఇద్దరం బండల మీద కూర్చుని, ఒకరం కప్పులో, ఒకరం సాసరులో పంచుకు తాగిన చాయ్ గురించి చెప్పనా? ఎక్కడ చాయ్ తాగినా ఇప్పుడు కప్పు నిండుగానే ఉంటుంది. సగం తాగి వదిలేస్తాను.

ఈమధ్య వికారాబాద్ స్టేషన్‌లో ఒక అమ్మాయి నన్ను గుర్తుపట్టి పలకరించింది. జహంగీర్ బిడ్డ. టీచరైందట.

"అబ్బా మిమ్మల్ని మస్తు యాద్ చేస్తడు చాచా. 'నా లెక్క తొందరపడకుండ్రి, మూత విప్పి చెయ్యి పోగొట్టుకున్న' అని మాకు ఎప్పుడూ చెప్తుంటడు."

సొంత పిల్లల ముందు కూడా నా అబద్ధాన్ని మోస్తున్నాడు. నోరు తెరిచాను. "మంచిగున్నడా?" అని మాత్రం అడగగలిగాను. రైలొచ్చింది. ఆ అమ్మాయి ఎక్కి వెళ్లిపోయింది.

ఆ తర్వాత బషీరాబాద్ ఆటోలు ఆగే చోటుదాకా వెళ్లి తిరిగొచ్చాను. మళ్లీ వెళ్తానా? ధైర్యం వస్తుందా? తెలియదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. కానీ ఇది రాస్తుంటే గొంతులో ఏదో కొద్దిగా కదిలింది.

మూత విప్పింది నేను. వద్దన్నది జహంగీర్. అతను తొందరపాటు మనిషి కాడని ఇన్నాళ్లూ మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.